ఇంటర్ తర్వాత సినిమా చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. నేను ఎడిటర్‌ని. హైదరాబాద్‌లో పదిహేనేళ్లకు పైగా ఎడిటింగ్ గదిలోనే నా పని. బంధువుల పిల్లలు, వాళ్ల స్నేహితులు, ఎక్కడో నంబరు సంపాదించి చేసే ఊరివాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "సినిమా తీయాలంటే ఇప్పుడు ఏం చదవాలి?" వాళ్ల అమ్మానాన్నలకు వేరే భయాలు, వేరే ప్రశ్నలు ఉంటాయి. రెండు రకాలకూ నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి కాబట్టి అవి రాయలేదు. దరఖాస్తు చేసే ముందు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో ఆ ఏటి నోటిఫికేషన్ మొత్తం మీరే చదువుకోండి.

ఇంటర్ పాసయ్యాను. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరొచ్చా?

ఇప్పుడే కుదరదు. పూణేలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ రెండూ కేంద్ర సమాచార, ప్రసార శాఖ కింద నడిచే సంస్థలు. మొదటిది 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. రెండోది 1995లో వచ్చింది. రెండింట్లోనూ డైరెక్షన్, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్ లాంటి మూడేళ్ల కోర్సులకు చేతిలో డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ అన్నది చాలా శాఖల్లో పట్టించుకోరు, ఉండటం మాత్రం తప్పనిసరి.

ఈ ఒక్క నియమం తెలియక చాలామంది పిల్లలు పద్దెనిమిదేళ్లకే తొందరపడి డబ్బు పోగొట్టుకుంటున్నారు. దేశంలో ఎక్కువ పేరున్న, ఖర్చు తక్కువయ్యే రెండు సినిమా బడులూ "ముందు డిగ్రీ చదివి రా" అంటున్నాయి. అంటే మీకు మూడేళ్ల టైం ఉంది. దాన్ని ఎలా వాడుకోవాలన్నదే ఇప్పుడు మీరు తేల్చుకోవాల్సిన విషయం.

మరి ఆ మూడేళ్లు ఏ డిగ్రీ చదవాలి?

నన్నడిగితే, మీకు చదవడానికి, చూడటానికి, తీయడానికి సమయం మిగిల్చే డిగ్రీ చదవండి. బీఏలో సాహిత్యం, చరిత్ర, సోషియాలజీ, సైకాలజీ లాంటివి ఏవైనా మంచివే. మాస్ కమ్యూనికేషన్, విజువల్ కమ్యూనికేషన్ కోర్సులు హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలేజీల్లో దొరుకుతాయి. వాటిలో కెమెరా, ఎడిటింగ్ కాస్త పరిచయమవుతాయి. అయితే కాలేజీని బట్టి తేడా చాలా ఉంటుంది. కొన్నిచోట్ల ల్యాబు తాళం తీయరు. చేరేముందు రెండో సంవత్సరం చదువుతున్న వాళ్లను పట్టుకుని, ఇప్పటిదాకా మీరు ఎన్ని వీడియోలు తీశారని అడగండి. ప్రిన్సిపల్ చెప్పేదానికన్నా వాళ్లు చెప్పేది పనికొస్తుంది.

సాహిత్యం ఎందుకంటానంటే, నా దగ్గరికి వచ్చే ఫుటేజీలో కెమెరా పనితనం లోటు ఇప్పుడు చాలా తక్కువ. ఫోన్లు, లైట్లు, డ్రోన్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. లోటంతా మనిషి మనసు తెలియడంలోనే. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంచుకునే సీనులో ఎవరు ఎప్పుడు మాట్లాడటం మానేస్తారో తెలియకుండానే తీసేస్తున్నారు. ఎడిటింగ్ టేబుల్ మీద దాన్ని నేను బాగు చేయలేను. కథలు చదివినవాడికి, నలుగురి మాటలు శ్రద్ధగా విన్నవాడికి ఆ సంగతి తెలుస్తుంది. దేశంలో గొప్ప ఎడిటర్లలో ఒకరైన ఎ.శ్రీకర్ ప్రసాద్ చదివింది సాహిత్యమే. ఎడిటింగ్ మాత్రం తండ్రి అక్కినేని సంజీవి దగ్గర నేర్చుకున్నారు.

బొమ్మలు వేసే అలవాటుంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చూడండి. పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ లాంటి శాఖలున్నాయి. దీనికి విడిగా ప్రవేశ పరీక్ష రాయాలి. ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలో చేతితో నేర్చుకున్నవాళ్లు కెమెరా పట్టుకున్నా, ఆర్ట్ డైరెక్షన్‌లోకి వెళ్లినా తొందరగా కుదురుకుంటారు.

లేదు, ఇంటర్ తర్వాత నేరుగా సినిమా చదువే కావాలి. దారులు లేవా?

ఉన్నాయి. మన దగ్గర అన్నపూర్ణ స్టూడియోస్ ఆవరణలో 2011లో మొదలైన అన్నపూర్ణ కాలేజీ ఆఫ్ ఫిల్మ్ అండ్ మీడియాలో డిగ్రీ స్థాయి కోర్సులున్నాయి. చెన్నై తరమణిలో ప్రభుత్వం నడిపే ఎంజీఆర్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్ తర్వాత నాలుగేళ్ల విజువల్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. డైరెక్షన్, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, ఆడియోగ్రఫీ వేటికవే శాఖలు. అక్కడ సీట్లలో ఎక్కువ భాగం తమిళనాడు విద్యార్థులకే పోతాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ముంబై గోరేగావ్ ఫిల్మ్ సిటీలో 2006 నుంచి నడుస్తున్న విజ్లింగ్ వుడ్స్‌లో మూడేళ్ల డిగ్రీ ఉంది. మంచి వసతులున్న చోటే గానీ ఫీజు లక్షల్లో ఉంటుంది, ముంబైలో ఉండే ఖర్చు దానికి అదనం.

యానిమేషన్ అంటే ఇష్టమైతే అహ్మదాబాద్ ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ బీడెస్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది. మన అమరావతి ఎన్ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. దీనికి రాయాల్సిన డ్యాట్ పరీక్ష రెండు దశల్లో జరుగుతుంది. మార్కుల కన్నా ఆలోచనను, పరిశీలనను చూసే పరీక్ష అది. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లు దీని గురించి ముందే తెలుసుకోవాలి. ఫలితాలొచ్చాక నా దగ్గరికి వస్తే అప్పటికే దరఖాస్తు గడువు దాటిపోయి ఉంటుంది.

బీటెక్ సీటు వచ్చింది. వదిలేయాలా?

దీనికి జవాబు మీ ఇంటిని బట్టి, మీ ఓపికను బట్టి ఉంటుంది. మన దర్శకుల్లో ఇంజినీరింగ్ చదివిన శేఖర్ కమ్ముల ఉన్నారు, లెక్కల లెక్చరర్‌గా పనిచేసిన సుకుమార్ ఉన్నారు. బాపు లా చదివారు. కె.విశ్వనాథ్ బీఎస్సీ చదివి, మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో చేరి అక్కడినుంచి దర్శకత్వానికి వచ్చారు. కాబట్టి బీటెక్ చదివినంత మాత్రాన దారి మూసుకుపోదు.

కానీ ఈ పేర్లు చూసి "ఏది చదివినా ఒకటే" అనుకోవద్దు. గెలిచినవాళ్ల పేర్లే మనదాకా వస్తాయి. నాలుగేళ్లు ఇష్టం లేని చదువు చదివి, బ్యాక్‌లాగులతో సతమతమై, అటు ఉద్యోగమూ రాక, ఇటు ఒక్క షార్ట్ ఫిల్మూ తీయక మిగిలిన పిల్లలు నాకు తెలుసు. లెక్కలంటే ఇష్టమై, మంచి కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చి, అక్కడ ఫిల్మ్ క్లబ్ కూడా ఉంటే చేరండి. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు కట్టి "చేతిలో ఒక డిగ్రీ ఉంటుందిలే" అనుకుని చేరేట్లయితే వద్దు. ఆ డబ్బులో చిన్న వంతుతో బీఏ పూర్తవుతుంది, మిగిలింది ఆ తర్వాత సినిమా చదువుకి ఉంటుంది.

డైరెక్షన్ కోర్సే చదవాలా? నాకు డైరెక్టర్ అవ్వాలనే ఉంది.

పద్దెనిమిదేళ్ల వయసులో సినిమా అంటే హీరో, డైరెక్టర్ ఇద్దరే కనిపిస్తారు. మనవాళ్లు 24 క్రాఫ్ట్స్ అంటారు కదా, అందులో మిగతావాటిని ఒకసారి దగ్గరగా చూసి రమ్మని నేను అందరికీ చెబుతాను. రాజమౌళి మొదట పనిచేసింది కోటగిరి వెంకటేశ్వరరావు గారి ఎడిటింగ్ రూములో. రాజమౌళి సినిమాలకు కెమెరా చేసిన కె.కె.సెంథిల్ కుమార్ పూణేలో సినిమాటోగ్రఫీ చదివారు. ఆస్కార్ అందుకున్న సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి కూడా పూణేలోనే చదివారు.

నా అనుభవంలో ఒక క్రాఫ్ట్ గట్టిగా చేతికొచ్చిన మనిషికి రెండు లాభాలు. మొదటిది తిండి. ఎడిటర్, సౌండ్ మనిషి, కెమెరా అసిస్టెంటు సినిమా లేని నెలల్లో పెళ్లి వీడియోలు, ప్రకటనలు, యూట్యూబ్ చానళ్లు, వెబ్ సిరీస్‌లు చేసుకుని బతుకుతారు. డైరెక్షన్ ఒక్కటే నేర్చుకున్నవాడికి సినిమా దొరికేదాకా పని దొరకదు. రెండోది, సెట్‌లో మీ మాటకు విలువ వస్తుంది. ఒక షాట్ ఎక్కడ కట్ అవుతుందో తెలిసిన డైరెక్టరు అక్కర్లేని షాట్లు తీయడు, నిర్మాత డబ్బు మిగులుతుంది.

ముఖ్యంగా సౌండ్ గురించి ఆలోచించండి. మనదగ్గర పిల్లలు దాన్ని అసలు పట్టించుకోరు. చెవి బాగున్న కుర్రాడు, ఓపికున్న అమ్మాయి ఆ శాఖలో తొందరగా పైకి వస్తారు. పోటీ తక్కువ, అవసరం ఎక్కువ. ఒక వారం పాటు ఇంట్లో, బస్టాండులో, గుడిలో, వాన పడేటప్పుడు ఫోన్‌తో శబ్దాలు రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మీకు ఆ పని నచ్చుతుందో లేదో ఆ వారంలోనే తెలిసిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా డైరెక్షనే కావాలనిపిస్తే, నిశ్చింతగా అదే చదవండి.

ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి?

పదో తరగతి పిల్లలు అడిగే ప్రశ్న ఇది. డైరెక్షన్, ఎడిటింగ్‌లకు ఏ గ్రూపైనా సరే. పూణేలో సౌండ్ కోర్సు కావాలంటే మాత్రం ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఆ ఆలోచన ఉన్నవాళ్లు ఎంపీసీ గానీ బైపీసీ గానీ తీసుకోండి.

ప్రవేశ పరీక్ష ఎలా ఉంటుంది? కోచింగ్ అవసరమా?

పూణే, కోల్‌కతా సంస్థల సంగతి చెబుతాను. మొదట రాతపరీక్ష. అందులో నెగ్గినవాళ్లకు రెండో దశలో ఓరియెంటేషన్, ఇంటర్వ్యూ లాంటివి ఉంటాయి. జనరల్ నాలెడ్జి, సినిమా, కళలు, సాహిత్యం మీద ప్రశ్నలు వస్తాయి. వర్ణించి రాసేవి, ఊహించి రాసేవి కూడా ఉంటాయి. ఎంసెట్ లాగా బిట్లు బట్టీపట్టి గెలిచే పరీక్ష కాదిది. సీట్లు చాలా తక్కువ, దేశమంతటి నుంచీ రాస్తారు.

మూడేళ్ల డిగ్రీలో వారానికి రెండు మంచి సినిమాలు చూసి, ఒక్కోదాని గురించి ఒక పేజీ రాసుకుంటే మీకు కోచింగ్‌తో పనిలేదు. ఆ పేజీలో కథ రాయొద్దు. ఎక్కడ మీకు ఒళ్లు జలదరించింది, అక్కడ కెమెరా ఎక్కడుంది, ఏ శబ్దం వినిపించింది, కట్ ఎప్పుడు పడింది, ఇవి రాయండి. ఇలా వంద పేజీలు రాసినవాళ్లు ఇంటర్వ్యూలో తడబడరు. తెలుగు, హిందీ సినిమాలతో ఆగకుండా బెంగాలీ, మలయాళం, మరాఠీ, జపాన్, ఇరాన్ సినిమాలు కూడా చూడాలి. సబ్‌టైటిళ్లు చదవడం మొదటి నెల కష్టం, తర్వాత అలవాటైపోతుంది. కుదిరితే ఒక్కసారైనా నవంబరులో గోవాలో జరిగే అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి, లేదా డిసెంబరులో తిరువనంతపురంలో జరిగే కేరళ ఉత్సవానికి వెళ్లండి. రోజుకు నాలుగు సినిమాలు చూసి, బయట మెట్ల మీద కూర్చుని వాదించుకునే మీ ఈడు పిల్లలు అక్కడ వందల్లో కనిపిస్తారు. మా ఊళ్లో నేనొక్కడినే ఇలా ఉన్నానన్న దిగులు అక్కడితో పోతుంది.

నాకు కొన్ని రంగుల మధ్య తేడా తెలియదు. పూణేలో తీసుకోరట కదా?

అది పాత మాట. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వర్ణాంధత ఉన్నవాళ్లను ఎఫ్‌టీఐఐ కోర్సుల నుంచి తప్పించకూడదని చెప్పింది. ధైర్యంగా దరఖాస్తు చేయండి.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు రాదు. నెట్టుకురాగలనా?

నెట్టుకురాగలరు, కానీ పని మొదలుపెట్టాల్సింది ఇవాళే. పెద్ద సంస్థల్లో పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో, కొంత హిందీలో నడుస్తాయి. మీకు కావాల్సింది గొప్ప ఇంగ్లీషు కాదు. చదివింది అర్థమవ్వాలి, అనుకున్నది నాలుగు ముక్కల్లో చెప్పగలగాలి. సినిమాలను ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూడటం, రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక సినిమా వ్యాసం చదవడం రెండేళ్లు చేస్తే సరిపోతుంది.

తెలుగు మాత్రం వదలొద్దు. మీ ఊరి యాస, మీ అమ్మమ్మ మాట తీరు, తిట్లు, సామెతలు నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. రేపు మీరు రాసే డైలాగుకు అదే పెట్టుబడి. దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉంటే కార్డు చేయించుకోండి. శ్రీకాకుళంలోని కథానిలయం వందేళ్ల తెలుగు కథలను సేకరించి పెట్టింది. దాని వెబ్‌సైట్లో ఎన్నో కథలు ఉచితంగా చదువుకోవచ్చు. వారానికి రెండు కథలు చదివి, అందులో ఒకదాన్ని షాట్లుగా విడగొట్టి రాయండి. ఈ ఒక్క అలవాటు ఏడాది పాటు సాగితే మీలో వచ్చే మార్పు మీకే కనిపిస్తుంది.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు "ఏడాది కోర్సు, కోర్సు కాగానే సినిమాలో ఛాన్స్" అంటున్నారు. చేరమంటారా?

ఛాన్స్ గ్యారంటీ అన్నమాట వినపడిన చోట ఇక కూర్చోవద్దు. సినిమాలో అవకాశం ఇచ్చేది నిర్మాత, దర్శకుడు. ఫీజు తీసుకున్న సంస్థ ఆ మాట ఇవ్వలేదు.

ఇది నా సొంత దెబ్బ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంటర్ కాగానే నేను ఒక ఏడాది డిప్లొమాలో చేరాను. నాన్న పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. క్లాసులో నలభై మందిమి, కెమెరా ఒకటి. ఏడాది మొత్తంలో దాన్ని నేను చేత్తో పట్టుకున్నది నాలుగైదు సార్లు. బ్రోచర్‌లో ఫొటోలున్న పెద్దవాళ్లు ప్రారంభోత్సవం రోజు కనిపించారు, మళ్లీ రాలేదు. చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్టు పట్టుకుని పూణేకి దరఖాస్తు చేయబోతే, అది డిగ్రీ కిందికి రాదని అప్పుడు తెలిసింది. తర్వాత ఒక ఎడిటర్ దగ్గర అసిస్టెంటుగా పనిచేస్తూ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేశాను. నాన్న ఆ పొలం విడిపించుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆయన దాని మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. అందుకే ఫీజు విషయంలో నేను ఇంత పట్టుగా మాట్లాడతాను.

అన్ని ప్రైవేటు సంస్థలూ అలాంటివి కావు. శ్రద్ధగా నేర్పేవి ఉన్నాయి. 2008లో మొదలైన రామానాయుడు ఫిల్మ్ స్కూల్ లాంటి చోట్ల తక్కువ కాలం కోర్సులు నడుస్తాయి. డిగ్రీ అయిపోయి, ఏ శాఖ కావాలో తేల్చుకున్నవాళ్లకు అలాంటివి ఉపయోగపడతాయి. ఎక్కడైనా సరే డబ్బు కట్టేముందు ఈ విషయాలు అడిగి తెలుసుకోండి. ఇచ్చేది డిగ్రీనా, డిప్లొమానా? డిగ్రీ అయితే ఏ యూనివర్సిటీ ఇస్తోంది? ఆ యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉందా? ఒక్కో విద్యార్థి సొంతంగా ఎన్ని సినిమాలు తీస్తాడు, వాటి ఖర్చు ఫీజులో కలిసిందా, విడిగా కట్టాలా? పోయిన బ్యాచ్ తీసినవి చూపిస్తారా? రోజూ క్లాసు చెప్పేదెవరు? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు? జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాత మీకు మీరుగా పాత విద్యార్థులు ఇద్దరిని వెతికి పట్టుకుని మాట్లాడండి. సంస్థవాళ్లు ఇచ్చే నంబర్లకు ఫోన్ చేయడం కాదు.

కొంచెం రుచి చూడాలనుకుంటే ఎఫ్‌టీఐఐ 2017 నుంచి స్కిఫ్ట్ పేరుతో దేశంలో పలు ఊళ్లలో చిన్న కోర్సులు పెడుతోంది. కొన్ని రోజులు, కొన్ని వారాలు ఉంటాయి. డిగ్రీ రెండో సంవత్సరం సెలవుల్లో అలాంటిదొకటి చేస్తే పెద్ద కోర్సు మీకు నప్పుతుందో లేదో తెలుస్తుంది.

ఎడ్యుకేషన్ లోన్ దొరుకుతుందా?

గుర్తింపు ఉన్న సంస్థ, గుర్తింపు ఉన్న కోర్సు అయితే బ్యాంకులు చూస్తాయి. గుర్తింపు లేని ఏడాది డిప్లొమాలకు సాధారణంగా ఇవ్వవు. అందుకే సీటు కోసం అడ్వాన్సు కట్టకముందే బ్యాంకుకు వెళ్లి, "ఈ సంస్థకు, ఈ కోర్సుకు ఇస్తారా" అని అడగండి. బ్యాంకు వద్దంటే అది కూడా మీకు ఒక సమాచారమే. సినిమా పనిలో మొదటి రెండు మూడేళ్లు నెలనెలా జీతం రాదు, ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది. ఇంట్లో ఎవరు కడతారో ముందే మాట్లాడుకోండి.

చదువెందుకు, నేరుగా వెళ్లి అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరిపోతే?

తెలుగు సినిమాలో ఎక్కువమంది వచ్చిన దారి ఇదే. దాన్ని నేను తక్కువ చేయను. మంచి దర్శకుడి దగ్గర రెండు సినిమాలు మొదటినుంచి చివరిదాకా పనిచేస్తే ఏ బడిలోనూ దొరకని చదువు దొరుకుతుంది. కథా చర్చల్లో కూర్చుంటారు, ఒక సీను ఎందుకు పోయిందో, ఎందుకు మిగిలిందో మీ కళ్లముందే జరుగుతుంది.

కానీ అసలు పరిస్థితి తెలిసి వెళ్లండి. మొదట అప్రెంటిస్, తర్వాత అసిస్టెంట్, అసోసియేట్, ఆ పైన కో డైరెక్టర్. మన దగ్గర కో డైరెక్టర్ అంటే దర్శకుడితో సమానమైన మరో దర్శకుడు కాదు, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌ను నడిపే సీనియర్. మొదట్లో మీ పని క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ (షాట్‌కూ షాట్‌కూ మధ్య బట్టలు, వస్తువులు తేడా రాకుండా) రాసుకోవడం, ఆర్టిస్టులను కారవాన్ నుంచి పిలవడం, కాస్ట్యూమ్ లిస్టు చూడటం. కొన్ని ఆఫీసుల్లో మొదటి సినిమాకు బేటా (రోజువారీ ఖర్చుల డబ్బు) తప్ప ఏమీ రాదు. సినిమా మధ్యలో ఆగిపోతే అదీ ఉండదు. కృష్ణానగర్, యూసఫ్‌గూడ రూముల్లో నలుగురైదుగురు కలిసి అద్దె పంచుకుంటూ ఎదురుచూసే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ప్రతిభ లేక ఆగిపోయినవాళ్ల కన్నా, నెల ఖర్చులకు డబ్బుల్లేక ఊరికి తిరిగెళ్లిపోయినవాళ్లే ఎక్కువమంది నాకు కనిపించారు.

అందుకని మూడు జాగ్రత్తలు చెబుతాను. ఆరు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో పెట్టుకుని రండి. ఎడిటింగో, ట్రాన్స్‌లేషనో, సబ్‌టైటిళ్లు రాయడమో, ఖాళీ రోజుల్లో డబ్బు తెచ్చే పని ఒకటి నేర్చుకుని రండి. డిగ్రీ లేకపోతే ఓపెన్ యూనివర్సిటీలో పేరు నమోదు చేయించుకోండి. షూటింగ్‌లు చేస్తూనే పరీక్షలు రాయొచ్చు, నేను అలాగే రాశాను.

పని అడగడానికి వెళ్లినప్పుడు "నాకు సినిమా అంటే ప్రాణం సార్" అనే మాట ఆఫీసుల్లో రోజుకు పదిసార్లు వింటారు. ఐదు నిమిషాల షార్ట్ ఫిల్మ్ లింకు, నాలుగు పేజీల సీను చేతిలో ఉన్నవాళ్లను కూర్చోమంటారు.

డబ్బు లేదు, కెమెరా లేదు. ఈ వేసవిలో ఏం చేయగలను?

ఫోన్ ఉంది కదా. మొదటి వారం మీ ఇంట్లో టీ పెట్టడం తీయండి. ఏడే షాట్లు, మాటలు వద్దు. చూసినవాళ్లకు ఆ టీ ఎవరికోసం పెడుతున్నారో తెలియాలి. రెండో వారం అదే, ఈసారి టీ పెట్టే మనిషి కోపంగా ఉంది, కానీ ముఖం చూపించకూడదు. చేతులు, గ్లాసు, గరిటె చప్పుడు, వీటితోనే ఆ కోపం తెలియాలి. మూడో వారం ఇద్దరు మనుషులు, ఒక మంచం, ఒకరు చెప్పాలనుకున్నది చెప్పలేకపోవడం. ఎడిటింగ్‌కు డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో దొరికే ఉచిత యాప్ అయినా పర్లేదు. మాటలు పెట్టాల్సి వస్తే ఫోన్ దగ్గరగా పెట్టి గొంతు విడిగా రికార్డు చేసుకోండి. చూసేవాళ్లు మసక బొమ్మను ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఆపేస్తారు.

మీ ఊళ్లో నాటక పరిషత్తు జరిగితే వెళ్లి తెరవెనక పని అడగండి. కోస్తాలో ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతున్నాయి. ఒక నటుడు అదే డైలాగును పది రిహార్సల్స్‌లో పది రకాలుగా చెప్పడం చూడటం మంచి పాఠం. నటనకు సంబంధించిన చదువు కావాలంటే డిగ్రీ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి. నటులతో పనిచేయడం రాని దర్శకులు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ చదువు మీకు బాగా పనికొస్తుంది.

మా అమ్మాయి డైరెక్టర్ అవుతానంటోంది. ఆ ఫీల్డుకు పంపడం క్షేమమేనా?

మీ భయం నిజమైనదే. ఏం భయం లేదని నేను అనను. ఇబ్బందులు ఉన్నాయి. మలయాళ సినిమాలో మహిళల ఇబ్బందుల మీద కేరళలో వేసిన హేమ కమిటీ నివేదిక 2024లో బయటికొచ్చాక అవి దేశమంతా తెలిశాయి. అదే సమయంలో ఇది కూడా నిజం: భానుమతి గారు 1953లోనే దర్శకత్వం చేశారు. విజయనిర్మల గారు ఎక్కువ సినిమాలకు దర్శకత్వం వహించిన మహిళగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఇవాళ ఎడిటింగ్‌లో, కాస్ట్యూమ్స్‌లో, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లలో నేను చేరినప్పటికన్నా చాలా ఎక్కువమంది అమ్మాయిలు ఉన్నారు. పూణేలో చదివిన పాయల్ కపాడియా 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ గెలిచారు.

చేయాల్సిన పనులు చెబుతాను. చదివే సంస్థలో హాస్టల్ ఎలా ఉంది, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉందా అని అడగండి. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అలాంటి కమిటీ ఉండి తీరాలి. సినిమా కంపెనీలకూ అది వర్తిస్తుంది. ఆడిషన్, కథా చర్చ ఏదైనా ఆఫీసులో, పగటిపూట. హోటల్ గదికి రమ్మంటే వెళ్లక్కర్లేదు, ఎంత పెద్ద పేరైనా సరే. అన్నిటికన్నా ముఖ్యం, ఏదైనా జరిగితే అమ్మాయి ముందు మీకే చెప్పగలగాలి. "అందుకే వద్దన్నాం" అనే మాట మీ నోట రాదని తనకు నమ్మకం ఉండాలి.

ఇంట్లో ససేమిరా అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

అలగడం, తిండి మానేయడం, చెప్పకుండా రైలెక్కడం పనిచేయవు. అమ్మానాన్నల భయం సినిమా మీద కాదు, మీ భోజనం గురించి. కాబట్టి ఒక కాగితం మీద లెక్క రాసి చూపించండి: మూడేళ్ల డిగ్రీ, దాని ఖర్చు, ఆ మూడేళ్లలో నేను తీయబోయే షార్ట్ ఫిల్ములు, తర్వాత రాయబోయే పరీక్షలు, రెండుసార్లు రాసినా సీటు రాకపోతే చేయబోయే పని. నేను ఎడిటింగ్ నేర్పిన ఒక కుర్రాడు ఇలాగే చేశాడు. వాళ్ల నాన్న ఆర్టీసీ డ్రైవర్. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారట. మూడేళ్లూ ఆ కాగితం తీసి ఏది అయింది, ఏది కాలేదు అని అడిగేవారట. ఆ అబ్బాయి ఇప్పుడు ఒక టీవీ చానల్‌లో ఎడిటర్.

విదేశాల్లో చదివితే?

శేఖర్ కమ్ముల అమెరికాలోని హోవర్డ్ యూనివర్సిటీలో, మోహనకృష్ణ ఇంద్రగంటి కెనడాలోని యార్క్ యూనివర్సిటీలో సినిమా చదివారు. ఇద్దరూ ఇక్కడ వేరే చదువు పూర్తిచేశాకే వెళ్లారు. ఇంటర్ కాగానే అప్పు చేసి బయటి దేశం సినిమా స్కూలుకు వెళ్లడాన్ని నేను సమర్థించలేను. మీరు తీయబోయేది తెలుగు కథలైతే, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల దాకా ఈ మనుషుల మధ్య ఉండటం అవసరం. డిగ్రీ తర్వాత స్కాలర్‌షిప్ దొరికితే సంతోషంగా వెళ్లండి.

డిగ్రీ అయ్యాక పరీక్ష రాశాను, సీటు రాలేదు. ఇప్పుడేంటి?

మళ్లీ రాయండి. ఒక్కసారికే సీటు వచ్చేవాళ్లు తక్కువ. ఈలోపు ఆ ఏడాది ఖాళీగా ఉండొద్దు. ఒక ఎడిటర్ దగ్గరో, కెమెరామన్ దగ్గరో, డాక్యుమెంటరీ తీసేవాళ్ల దగ్గరో పనికి కుదరండి. చిన్న జీతమైనా ఫర్వాలేదు. రాతపరీక్షలో ఆగిపోయారా, ఇంటర్వ్యూలోనా అన్నది చూసుకోండి. రాతలో ఆగితే చదవడం, చూడటం చాలలేదు. ఇంటర్వ్యూలో ఆగితే, మీరు తీసిన పని గురించి మీరు మాట్లాడలేకపోయి ఉంటారు. అలాంటప్పుడు మీ షార్ట్ ఫిల్మును ఇద్దరు కొత్తవాళ్లకు చూపించి, వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పడం అలవాటు చేసుకోండి. రెండోసారి కూడా రాకపోతే, ఆ ఏడాది పనిచేసిన చోటే కొనసాగండి. అప్పటికి మీకు పని వచ్చి ఉంటుంది, నలుగురు మీ పేరు ఎరుగుతారు. మీ దగ్గర ఐదు నిమిషాల సినిమా ఏదైనా ఉంటే హైదరాబాద్ వచ్చినప్పుడు తెచ్చి చూపించండి. కూర్చుని చూస్తాను, ఎక్కడ కట్ తొందరగా పడిందో, ఎక్కడ ఆలస్యమైందో చెబుతాను.